ఇంద్రాయణి పాలైన ఋణపత్రములు

పండరీనాథుని భక్తులలో తెలుగువారికి మిక్కిలి పరిచితుడు తుకారాం మహారాజు. హరికథకులు ఆయన చరితమును ఊరూర గానము చేసిరి. 1973లో అక్కినేని నాగేశ్వరరావు నటించిన చలనచిత్రము ఆయన పేరును అక్షరము రాని ఇండ్లకు సైతము చేర్చినది. అభంగముల కట్టలు నదిలో మునుగుట, పదుమూడు దినముల పిదప అవి తడియక తేలివచ్చుట, శివాజీ పంపిన కానుకలను ఆయన త్రిప్పిపంపుట, తుదకు సశరీరముగా వైకుంఠమున కరుగుట మొదలగు ఘట్టములను ఎరుగనివారు మనలో అరుదు. అయితే ఈ మహిమ లన్నింటికిని ముందు ఆ గృహమున ఒక మరణము సంభవించినది. ఆయన పెద్దభార్య కరవులో అన్నము కొరకు అలమటించి కన్నుమూసెను.

ఆయన వృత్తి ధాన్యపు వ్యాపారము. ధాన్యము కొలిచి అమ్ము ఇంటి ఇల్లాలికి గుప్పెడు గింజలు దొరకకుండుట ఎట్లు సంభవించెను? కథకులు సాధారణముగా ఈ ప్రశ్న వేయరు. కరవును రెండు మాటలలో దాటి, కొండమీది ధ్యానమునకు పోవుదురు. వారు దాటిపోయిన ఆ తావుననే మనము కొంతసేపు నిలువవలసియున్నది. తుకారాం తరువాతి జీవితమున చేసిన పనులలో అతి ముఖ్యమైనది అక్కడనుండియే పుట్టినది.

దేహూ గ్రామము పూణె నగరమునకు వాయవ్యదిశగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఇంద్రాయణీ తీరమున కలదు. జ్ఞానేశ్వరుల సమాధిగల ఆళంది ఈ నది యొడ్డుననే మరికొంత దిగువ నున్నది. ఇంద్రాయణి భీమానదిలో కలియును. ఆ భీమయే పండరిలో చంద్రభాగ యను పేర స్వామి సన్నిధిని ఒంపు తిరిగి, తుదకు మన కృష్ణవేణిలో సంగమించును. దేహూ రేవు దాటిన నీరు శ్రీశైలము మీదుగా బెజవాడకు వచ్చునన్నమాట. పాఠకులు ఈ నదిని జ్ఞాపకముంచుకొందురుగాక.

తుకారాం 1608లో జన్మించెనని పలువురి మతము. తండ్రి బొల్హోబా, తల్లి కనకాయి. అన్న సావజీ, తమ్ముడు కాన్హోబా. పుట్టుకచే వారు కుణబీ రైతులు, వృత్తిచే వర్తకులు. దేహూ అంగడికి మహాజన పదవియు ఆ ఇంటిదే. ఎనిమిది తరములకు పూర్వము విశ్వంభరుడను పెద్ద పండరి యాత్రలు విడువక సలిపెననియు, ఆయన భక్తికి మెచ్చి విఠ్ఠలుడే దేహూకు వచ్చి వెలసెననియు వంశీయులు చెప్పుకొందురు. ఆ విఠ్ఠల రుక్మిణీ మూర్తులకు ఇంటివారే చిన్న ఆలయము కట్టిరి. పొలము, అంగడి, పరువు, ఇలవేలుపు అన్నియు ఉన్న ఇల్లు అది. పెద్దకుమారుడు సావజీకి సంసారముపై ఆసక్తి లేకపోవుటచే వ్యాపారభారము పదుమూడేండ్ల తుకారాం పైబడెను. మొదటిభార్య రఖుమాబాయికి ఉబ్బసరోగ ముండుటచే, పూణెలోని ఒక షావుకారు కుమార్తె జిజాబాయితో పెద్దలు ఆయనకు రెండవ వివాహము చేసిరి. ఇంటిలో ఆమెను ఆవళి అని పిలుచుకొనేవారు. ఆయనకు ఇంచుమించు పదునేడేండ్ల వయస్సున తల్లిదండ్రులు గతించిరి. పిమ్మట వదినగారును మరణింప, సావజీ ఇల్లు విడిచి తీర్థయాత్రలకు పోయెను.

ఆ కాలపు దక్కను పల్లెలో ధాన్యపు వర్తకుని స్థానమేమో కొంచెము తెలిసికొననిదే తరువాతి కథ బోధపడదు. వానకాలపు పైరు ఇంటికి వచ్చువరకు రైతు గాదె ఖాళీగా నుండును. తిండికి జొన్న, సజ్జ కావలెను. విత్తుటకు గింజలు కావలెను. వీనిని వర్తకుడు అప్పుగా కొలిచి యిచ్చును. పంట చేతికి వచ్చినపుడు రైతు అసలుకు మరికొంత చేర్చి కళ్లములోనే తిరిగి కొలుచును. మన పల్లెలలో దీనినే నాగు అనేవారు. నాగు దొరకని రైతు విత్తలేడు, తినలేడు. నాగు తెచ్చిన రైతు పండించిన దానిలో కొంత ముందే పరులదై యుండును. భూమి లేని వారి సంగతి ఇంకొకటి. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి మొదలగు ఆయగాండ్రకు దినకూలి లేదు. ఏడాదంతయు చేసిన సేవకు కళ్లమున మేర దొరకును. కళ్లము లేని ఏడు వారికి మేర లేదు. కావున ఒక్క పైరు పోయిన యెడల రైతు, వర్తకుడు, ఆయగాడు మువ్వురును ఒకే త్రాటికి కట్టబడినవారివలె ఒకరివెంట ఒకరు పడుదురు. అందరికంటె గట్టిగా నిలువగలవాడు వర్తకుడే యని మన ఊహ. అది పెద్ద నిల్వలుగల నగరపు షావుకారు విషయమున నిజము కావచ్చును. పల్లె వర్తకుని సంపదలో అధికభాగము మాత్రము గాదెలో నుండదు, కాగితముల మీద నుండును. ఎవరు ఎంత కొలువవలెనో వ్రాసిన పత్రములే అతని ఐశ్వర్యము.

తుకారాం వ్యాపారము కరవునకు మునుపే సన్నగిల్లినది. తూకమున మోసము చేయుట, బాకీదారుని గడప నెక్కి కూర్చుండుట ఆయనకు చేతకాలేదు. 18వ శతాబ్దమున భక్తుల చరిత్రలు వ్రాసిన మహీపతి ఒక కథ చెప్పెను. ఆవళి తన పూచీమీద 200 రూపాయలు అప్పు తెచ్చి మగని చేతికిచ్చి వ్యాపారమునకు పంపెను. ఆయన ఉప్పు అమ్మి 250 రూపాయలు చేసికొని మరలివచ్చుచు, దారిలో అప్పు తీర్పలేక నిర్బంధములో పడిన ఒక పేద బ్రాహ్మణుని చూచి, ఆ సొమ్మంతయు ఇచ్చి అతనిని విడిపించెను. వట్టి చేతులతో ఇంటికి వచ్చిన మగని చూచి ఆవళి ఏమనెనో ఊహింపవచ్చును. ఈ కథలో భక్తుని దయయే అందరికిని కనిపించును గాని, అప్పు అనునది మనిషిని ఏ దశకు తెచ్చునో ఆయన కరవునకు ముందే కన్నులార చూచెనని కూడ తెలియుచున్నది.

అట్టి స్థితిలో 1630 వచ్చినది. ఆ ఏడు గుజరాతునందును దక్కనునందును వానలు కురియలేదు. మరుసటి ఏడు కొన్నితావుల అతివృష్టి కలిగెను. ఎండకు మిగిలినది వానకు పోయెను. ఆ రెండు మూడేండ్ల కాలము భారతదేశ చరిత్రలోని ఘోరక్షామములలో ఒకటిగా నిలిచియున్నది. గుజరాతులో 30 లక్షలమంది, అహమ్మద్‌నగరు ప్రాంతమున మరి 10 లక్షలమంది మరణించిరని ఒక అంచనా కలదు. తెలుగుదేశమును ఆ మృత్యువు విడువలేదు. గోలకొండ రాజ్యపు రేవుపట్నమైన మచిలీపట్నమున నేతగాండ్రును బట్టలుతుకు చాకళ్లును పెద్దసంఖ్యలో మరణించిరని అక్కడి ఆంగ్లవర్తకుల ఉత్తరముల వలన తెలియుచున్నది. గమనింపుడు: నేతగాడు పంట పండించువాడు కాడు. అతని మగ్గమునకు వానతో పని లేదు. కాని జొన్నల ధర పెరిగినపుడు జనులు ముందుగా మానుకొనునది బట్ట కొనుట. అందుచే గింజల ధర ఆకాశమునకు ఎక్కిన దినములలోనే అతని రాబడి నేలకు దిగెను.

దక్కనులో వాన లేకపోవుటకు తోడు యుద్ధ మొకటి యుండెను. మొగలు చక్రవర్తి షాజహాను నిజాంషాహీ రాజ్యముపై దండెత్తి, బుర్హాన్‌పురమున విడిసియుండెను. పూణె సీమ షహాజీ భోంస్లే జాగీరు. బిజాపురపు సేనాని మురార్ జగదేవుడు ఆ కాలముననే పూణెను కొల్లగొట్టి నేలమట్టము చేసి, గాడిదలచే దున్నించెనని ప్రసిద్ధి. శివాజీ శివనేరి కోటలో జన్మించినదియు ఈ 1630లోనే. పెద్ద సేనలు నిలిచిన చోటికి ధాన్యము ధరనుబట్టియు, భయమునుబట్టియు తనంతట ప్రవహించును. ఆ దినములలో ఆ దారిన పయనించిన పీటర్ మండీ యను ఆంగ్లవర్తకుడు దారిపొడవునను శవములను చూచెను. బుర్హాన్‌పురపు అంగడిలో మాత్రము రాజశిబిర మున్నందున సరుకులు దొరకుచుండెను. లంబాడీల ఎడ్లబిడారములు మాళవమునుండి గింజలను తెచ్చినది సేనలకొరకు. పల్లెలవైపు అవి తిరుగలేదు, తిరిగినను నడువలేవు. ధాన్యము మోయవలసిన ఎద్దులకు దారిలో గడ్డియు నీరును కావలెను గదా! అనావృష్టి పైరును ఎండబెట్టుటతో ఆగక, ఇతర ప్రాంతములనుండి గింజలు రాగల మార్గమును కూడ ఎండగట్టినది.

షాజహాను కొంత ఉపకారము చేయకపోలేదు. బుర్హాన్‌పురము, అహమ్మదాబాదు, సూరతు పట్టణములలో అన్నశాలలు తెరపించెను. ప్రతి సోమవారము 5,000 రూపాయల చొప్పున ఇరువది వారములపాటు బీదలకు పంచిపెట్టించెను. అహమ్మదాబాదునకు మరి 50,000 రూపాయలు మంజూరు చేసెను. కొంత శిస్తును మాఫీ చేసెను. లక్షలమంది ఆకలికి ఇది ఎంతపాటిదో చెప్పనక్కరలేదు. అన్నశాలలు నగరములలో నుండుటచే అక్కడికి నడువగలిగినవానికే అన్నము. ఉబ్బసముతో నాలుగడుగులు వేయలేని స్త్రీ దేహూనుండి ఏ నగరమునకు నడువగలదు?

క్షామము వెంట మారి వచ్చినది. 1631 వానల పిమ్మట సూరతు మొదలగు తావుల జ్వరములు చెలరేగెను. ఆకలికి చిక్కిన దేహము దేనిని తట్టుకొనలేదు. గుంపులుగా ఊళ్లు విడిచినవారు ఒకే చెరువు నీరు త్రాగి, ఒకే సత్రపు నేలమీద పడుకొని ఒకరికొకరు వ్యాధిని అంటించుకొనిరి. ఇంటిలో పనిచేయువాడు మంచము పట్టినచో, వాన కురిసినను దున్నువాడు లేడు. ఎద్దులు చచ్చినవి, విత్తనము తినివేసిరి. కాబట్టి మంచి వాన వచ్చిన ఏడు సైతము ఇండ్లలో కరవు తీరలేదు.

ఇది మున్నూటతొంబది ఏండ్లనాటి గాథ యని తోసివేయుటకు వీలులేదు. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినపుడు దేశమున అనావృష్టి లేదు, పంట పోలేదు, ప్రభుత్వపు గిడ్డంగులలో ధాన్యము నిండుగా నుండెను. అయినను మార్చి చివర లాక్‌డౌన్ విధింపగా, దినకూలి ఆగిన కొలదిదినములకే ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలుగలేదు. వలసపోయిన కూలీలు పిల్లలను భుజముల నెత్తుకొని రహదారుల వెంట స్వగ్రామములకు నడచిరి. మనిషి ఒకచోట, అతని రేషను కార్డు మరొకచోట. పాఠశాలలు మూతపడుటచే పిల్లల మధ్యాహ్నభోజనము నిలిచెను. ఏప్రిల్‌నుండి కార్డుగల ఇండ్లకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము ఉచితముగా నిచ్చుట వలన చాలమంది నిలద్రొక్కుకొనిరి; కార్డు లేనివారు, ఊరు మారినవారు మాత్రము ఆలయముల, గురుద్వారముల అన్నదానము కొరకు, పుణ్యాత్ముల పొట్లముల కొరకు ఎదురుచూచిరి. గాదె నిండియుండుట వేరు, కంచములో పడుట వేరు. ఈ రెంటికిని నడుమ కూలి, ధర, అప్పు, దారి, అధికారి ముద్ర ఇన్ని యున్నవి. తుకారాం ఇంటను జరిగినది ఇదియే.

వానలు లేని మొదటి ఏటనే ఆయనకు రావలసిన నాగు రాలేదు. ఇచ్చుటకు ఎవరివద్దను గింజ లేదు. ఆయన ఎవరివద్ద సరుకు తెచ్చెనో వారు మాత్రము సొమ్ము అడుగుట మానలేదు. అంగడి మూతపడినది. ఎద్దులు పోయెను. మామగారు ముందొకమారు పెట్టుబడి యిచ్చి ఆదుకొనెను గాని అదియు నిలువలేదు. నగలు, రాగిపాత్రలు అమ్మబోయిన, ఊరంతయు అమ్మువారే గాని కొనువారు లేరు. పది రూపాయల వస్తువు రూపాయికి పోవును, ఆ రూపాయికి వచ్చు గింజలు దోసిటిలో ఇమిడిపోవును. దివాలా తీసిన వర్తకునికి అప్పు పుట్టదు. ఒకప్పుడు ఊరికి పెద్దయైన ఇంటివారు బిచ్చమునకు పోలేరు. పేదవానికి లేని ఈ అభిమానమను సంకెల కూడ వారికి తగిలెను. ఆయన తన దశను చెప్పుకొన్న అభంగమున ధనముతోపాటు మానమును పోయినదని వాపోయెను. భార్య అన్నము కొరకు ఆక్రోశించుచు మరణించెనని దాచక చెప్పెను.

రఖుమాబాయి ఆకలికి మరణించెను. ఆమె కుమారుడు చిన్ని సంతూ కూడ దక్కలేదు. కరవు వచ్చిన ఇంటిలో ఎవరు ముందు పడుదురో ఈ ఒక్క కుటుంబమే చెప్పుచున్నది: రోగముతో నున్న స్త్రీ, పసివాడు. అందరికి పెట్టి కడపట తినుట మన గృహిణుల ఆచారము. కుండ నిండుగా నున్నంతకాలము అది మర్యాద. కుండలో రెండు గరిటెలు మాత్రమే యున్ననాడు ఆ మర్యాదయే ప్రాణము తీయును. తెలుగులో ఉపవాసమని, పస్తని రెండు మాటలున్నవి. ఏకాదశినాడు వైష్ణవుడు చేయునది ఉపవాసము; ద్వాదశి పారణ ఉన్నదని ఎరిగి చేయునది. రఖుమాబాయికి కలిగినవి పస్తులు. వానికి పారణ లేదు. తరువాతి జీవితమంతయు ఏకాదశీవ్రతమును విడువక సలిపిన తుకారామునకు ఈ భేదము మనకంటె బాగుగ తెలియును.

ఆ దుఃఖముతో ఆయన కొండలు పట్టెను. దేహూకు సమీపమున భామగిరి, భండారా అను కొండలున్నవి. అక్కడ నిద్రాహారములు లేక విఠ్ఠలుని తలచుచు కూర్చుండెను. తమ్ముడు కాన్హోబా వెదకి వెదకి కనుగొని ఇంటికి రమ్మని ప్రార్థించెను. అన్నదమ్ములు ఇంద్రాయణి యొడ్డునకు దిగివచ్చిరి. అంతట తుకారాం తండ్రినాటినుండి ఇంటికి రావలసిన బాకీల పత్రములన్నింటిని తెప్పించెను. వానిని రెండు సమభాగములు చేసి ఒక భాగమును తమ్ముని కిచ్చెను. కాన్హోబాకు సంసార మున్నది. అతని వంతును పారవేయు హక్కు తనకు లేదు. తన వంతు పత్రములను మాత్రము ఇంద్రాయణిలో విడిచివేసెను.

హరికథలలో ఇది వైరాగ్యమునకు గుర్తుగా చెప్పబడుచున్నది. వైరాగ్యమే, కాదనుటకు లేదు. కాని ఆ పత్రములలోని పేర్లు ఎవరివో ఆలోచింపవలెను. అవి ఇరుగుపొరుగు రైతులవి, కరవునుండి ఎట్లో ప్రాణములతో బయటపడి ఎద్దులు లేని దొడ్లకు తిరిగివచ్చినవారివి. కరవు తీరిన మొదటి పంట వారి కళ్లమునకు వచ్చినపుడు పాతబాకీదారుడు పత్రముతో నిలువబడును. చావక మిగిలినవాడు చచ్చినవాని అప్పు కూడ తీర్పవలసివచ్చును. అట్లు కొలువగా మిగిలినది మరుసటి వానకాలము వరకు చాలదు. మరల నాగు, మరల పత్రము. ఒక్క ఏటి కరవు పదియేండ్లు ఇంటిలో తిష్ఠవేయుట ఈ విధముగనే. రావలసిన బాకీలు వసూలు చేసియుండిన తుకారాం ఇల్లు తిరిగి నిలద్రొక్కుకొనెడిదేమో. తన ఇంటిని కూల్చిన యంత్రపు ఒక కొస తన చేతిలోనే యున్నదని ఆయన చూచెను. ఆ కొసను విడిచివేసెను. సేనలను ఆపుట, శిస్తును తగ్గించుట ఆయన చేతిలోని పనులు కావు. శిస్తు తగ్గించుటకు కొన్ని ఏండ్లు పట్టినది. శివాజీ బాల్యమున దాదోజీ కొండదేవుడు పూణె సీమను చక్కబెట్టి, పాడుపడిన పొలములకు మొదటి ఏండ్లలో స్వల్పపు శిస్తు కట్టి, పారిపోయిన రైతులను మరల రప్పించెను. దేహూలోని కొన్ని ఇండ్లకు ఆ మేలు అంతకుముందే ఒక దివాలా తీసిన వర్తకునివలన కలిగినది.

పిమ్మట ఆయన పాడుపడిన ఇలవేలుపు గుడిని స్వహస్తములతో మన్ను మోసి బాగుచేసెను. కీర్తనలు చేసెను. అభంగములు చెప్పెను. ఆ ప్రసిద్ధ చరిత్రను ఇక్కడ విస్తరింప పనిలేదు.

ఆవళిని గురించి మాత్రము ఒక మాట చెప్పవలసియున్నది. కథకులు ఆమెను గయ్యాళిగా చిత్రించి సభను నవ్వింతురు. ఎవరో ఇచ్చిన చెరకుమోపును ఆయన దారిలో పిల్లలకు పంచి ఒక్క గడతో ఇంటికి రాగా, ఆమె దానితోనే ఆయన వీపున కొట్టినదని, అది విరిగిన దని చెప్పి చప్పట్లు కొట్టింతురు. నవ్వుటకు ముందు ఆమె పక్షమున చూడుడు. పత్రములు నదిపాలైనపుడు ఆ ఇంటికి మిగిలిన ఒకే ఆస్తి పోయినది. ఆ త్యాగపు ఖర్చును దినదినము చెల్లించినది ఆమె. పిల్లలకు ఏమి పెట్టవలెనన్న ప్రశ్న ప్రతి ఉదయమును ఆమె పొయ్యియొద్దనే లేచుచుండెను. సవతి ఆకలితో మరణించుట చూచిన స్త్రీ గింజల కొరకు కఠినముగా మాటలాడిన తప్పేమి? అయినను ఆమె ఆయనకు పెట్టక తినలేదు. మండుటెండలో రొట్టెల మూటతో కొండ లెక్కి ఆయన కూర్చున్న చోటు వెదకుకొనుచు పోయెడిది. ఒకనాడు కాలిలో ముల్లు దిగి ఆమె కూలబడగా, ఆమె నిత్యము తిట్టిపోయు విఠ్ఠలుడే వచ్చి ముల్లు తీసెనని భక్తులు చెప్పుదురు. ఈ కథ కల్పించినవా రెవరైనను ఆవళి హృదయమును హరికథకులకంటె బాగుగ ఎరిగినవారు.

రామేశ్వరభట్టు ఆక్షేపణచే అభంగముల వ్రాతప్రతులను ఇంద్రాయణిలో ముంచవలసివచ్చినపుడు తుకారాం నదియొడ్డున పదుమూడు దినములు అన్నపానములు మాని పడియుండెననియు, ప్రతులు చెక్కుచెదరక పైకి తేలెననియు చరిత్ర. అదే నది, అదే రేవు. అంతకుముందు విడిచిన ఋణపత్రములు మాత్రము తేలలేదు. ఆయన వానికొరకు ఎదురుచూడలేదు. శివాజీ కానుకలు పంపినపుడు త్రిప్పిపంపెననుటకు కూడ ఈ పూర్వకథయే సమాధానము చెప్పును.

1650లో, నలుబదిరెండేండ్ల ప్రాయమున, ఫాల్గుణ బహుళ విదియనాడు తుకారాం ఈ లోకమును విడిచెను. ఆవళి అప్పుడు గర్భవతి. ఆ తరువాత పుట్టిన కుమారుడు నారాయణుడు పెద్దవాడై, 1685లో తండ్రిగారి పాదుకలను పల్లకిలో నుంచి దేహూనుండి పండరికి ఊరేగింపుగా కొనిపోవు సంప్రదాయమును నెలకొల్పెను. నేటికిని ప్రతి జ్యేష్ఠ బహుళమున ఆ పల్లకి బయలుదేరును. ఆషాఢ శుద్ధ ఏకాదశికి పండరి చేరును. లక్షలమంది వార్కరీలు కాలినడకన పోవుదురు. దారిలోని పల్లెవాసులు జొన్నరొట్టెలు, శనగపిండితో చేసిన పిఠలే సిద్ధముచేసి వారికి పెట్టుదురు. 2020లో మహమ్మారి కారణముగా ఆ నడక ఆగినది. పాదుకలు కొలదిమంది భక్తులతో బస్సులో పండరి చేరినవి. 2021లోను అట్లే జరిగినది. 2022లో పల్లకి మరల నడకదారి పట్టినది. దారిపొడవున పల్లెలలో పొయ్యిలు మరల వెలిగినవి.